శాలువాలు సరే, శిక్షకులు ఏరీ?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా ఊరి ఐటీఐకి మంచిరోజులు వచ్చాయని వార్త, రంగుల ఫొటో వేశారు. కోపం తగ్గాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు. ముందుగా చిన్న సవరణ. ముఖ్య అతిథి చెయ్యి వేసి నిలబడిన యంత్రం మీ విలేకరి రాసినట్టు ‘అత్యాధునిక రోబో’ కాదు, ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్. ముక్కను బిగించి పట్టే మూడు దవడల చక్ ఫొటోలో కనిపిస్తూనే ఉంది. దాని మీద నేనే పదిహేడేళ్లు పిల్లలకు పని నేర్పాను. కొత్తగా వచ్చింది ఆకుపచ్చ రంగు ఒక్కటే.

స్థానిక పరిశ్రమలతో ఒప్పందం కుదిరిందట, ఇక కోర్సు పూర్తికాగానే ఉద్యోగమేనట. 2007లోనూ ఈ మాటే విన్నాం. అప్పట్లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలకు తలా రెండున్నర కోట్ల వడ్డీలేని అప్పు ఇచ్చి, పరిశ్రమలవాళ్లు అధ్యక్షులుగా యాజమాన్య కమిటీలు వేయించింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. 2025లో కేంద్రం మళ్లీ వెయ్యి ఐటీఐల కోసం 60 వేల కోట్ల పథకం తెచ్చింది. కాబట్టి డబ్బు లేదని ఎవరూ అనకండి. టెండరు పిలిస్తే యంత్రం వస్తుంది. నేర్పే మనిషి టెండరుకు రాడు. నేను రిటైరై ఆరేళ్లయింది, నా ఫిట్టర్ శిక్షకుడి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఎలక్ట్రీషియన్ శిక్షకుడే ఫిట్టర్ హాజరుపట్టీలోనూ సంతకం పెడుతున్నాడు, పాపం.

ఫిట్టర్ పిల్లవాడు మొదట్లో ఆకురాయితోనే కుస్తీ పడతాడు. ఇనుప ముక్కను అరగదీసి, మూలమట్టం ఆనించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సందులో వెలుగు గీత కనిపిస్తే మళ్లీ మొదలు. “ఏమీ కనిపించడం లేదు సార్” అంటాడు వాడు. మనకు కనిపిస్తూనే ఉంటుంది. వాడికీ ఆ చూపు రావడానికి నెలలు పడుతుంది, అదీ పక్కన ఒకరు నిలబడి చూపిస్తేనే.

ఇక స్థానిక పరిశ్రమ సంగతి. మా చుట్టుపక్కల ఉన్నవి రైస్ మిల్లులు. రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రం మంచి సీజన్‌లో ఆగిపోతే, కోయంబత్తూరు నుంచి మెకానిక్ దిగేదాకా లారీలు రోడ్డు మీద బారులు తీరతాయి. అలాంటి ఒక మిల్లు ఐటీఐకి కిలోమీటరున్నర దూరం. మన పిల్లలను వారానికి రెండు రోజులు అక్కడికి పంపుదామని నేను ఉద్యోగంలో ఉండగా మూడుసార్లు పైకి రాశాను. మిల్లు యజమాని మధ్యాహ్నం భోజనం కూడా తానే పెడతానన్నాడు. మూడు కాగితాలూ ‘పరిశీలనలో’ ఉన్నాయి. కొంత చదువు ఐటీఐలో, కొంత కార్ఖానాలో జరిపే ద్వంద్వ శిక్షణ విధానం 2016 నుంచే ఉంది కదా బాబూ అంటే, “జీవో నంబరు తెచ్చుకోండి” అన్నాడు పై ఆఫీసు గుమస్తా.

అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. తీసుకున్నారా అని వెళ్లి అడిగిన అధికారి నా సర్వీసులో నాకు తారసపడలేదు. తీసుకున్నచోట ఏం చేయిస్తున్నారో అసలే అడగరు. నా శిష్యుడొకడు ఏడాది పొడవునా గోదాములో పెట్టెలు మోశాడు. సర్టిఫికెట్లో మాత్రం ‘ఫిట్టర్’ అనే ఉంది.

ఊళ్లో ఏ స్తంభం చూసినా ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలే. ఐటీఐ ప్రవేశాల నోటీసు మాత్రం ఆఫీసు గోడకు ఒక మూల ఊడి వేలాడుతుంది. ఆ ఒప్పందం సభలో పదకొండు శాలువాలు కప్పారు. వెనక బెంచీలో కూర్చుని లెక్కపెట్టాను. ఆ డబ్బుతో ఒక బ్యాచి మొత్తానికి ఆకురాళ్లు వచ్చేవి. పిల్లలను ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏ పరిశ్రమ ఎందరిని, ఏ పనికి తీసుకుంటుందో చెప్పిన వక్త ఒక్కరూ లేరు. మీ వార్తలోనూ ఆ ముక్క లేదు.

మీ విలేకరిని ఇంకోసారి పంపండి, అతిథులు రాని రోజున, ఉదయం పదిన్నరకు. ఫిట్టర్ షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోమనండి.

— ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు