గొర్రెను కుట్టేది దోమ కాదు, నుసుము

సంపాదకుడు గారికి,

వానలు మొదలైతే మా ఉదయగిరి వైపు జీవాలున్న ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్. నిరుడు కార్తీకంలో మా మందలో ఒక జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) గొర్రె మేత ముట్టలేదు. మూతి ఉబ్బి, చొంగ కారుస్తూ నిలబడింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్లన్నీ పుండ్లే. నాలుగో రోజుకు గిట్టల పైభాగం ఎర్రబడి, గొర్రె మోకాళ్ల మీద పాకుతూ నడిచింది. మేం మూతివాపు అంటాం, డాక్టర్లు నీలినాలుక అంటారు. నాలుక నీలంగా మారడం అన్నిటిలో కనపడదు, అందుకే మా నాయన మొదట గాలికుంటు (నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పడే మరో జబ్బు) అనుకున్నాడు.

ఊళ్లో దోమలకని పొగ కొట్టారు. ఈ జబ్బు తెచ్చే వైరస్‌ను మోసేది దోమ కాదు, క్యూలికాయిడిస్ అనే నుసుము. రెండూ రెండు రెక్కల పురుగులే, కుటుంబాలు వేరు. నుసుము 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది, దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. దొడ్డిలో దీపం కింద పడినదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూశాను. రెక్కల మీద బూడిదరంగు మచ్చలు, మధ్యమధ్య తెల్లటి చుక్కలు. ఆ చుక్కల తీరును బట్టే నిపుణులు రకాన్ని గుర్తుపడతారట. ఈ ఒక్క ప్రజాతిలోనే 1,300కు పైగా రకాలున్నాయి, అన్నీ రోగాన్ని మోయవు. నెత్తురు తాగేది ఆడదే, గుడ్ల కోసం. దోమలా సూది గుచ్చదు, చర్మాన్ని కోసి ఊరిన నెత్తురు పీలుస్తుంది.

గుడ్లు పెట్టేది తడి బురదలో, పేడలో. నిలవనీళ్లు పారబోసి ఊరుకుంటే లాభం లేదు, దొడ్డి పక్కనున్న పెంటదిబ్బను దూరంగా తరలించాలి. ఈ మాట మాకెవరూ చెప్పలేదు. పైగా ఆవులు, బర్రెలు పైకి ఏ జబ్బూ కనపడకుండానే వైరస్‌ను మోస్తాయి. గొర్రెలనూ వాటినీ ఒకే పాకలో కట్టే ఇళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి. సందెవేళ, తెల్లవారుజామున నుసుములు ఎక్కువగా కుడతాయి, సరిగ్గా జీవాలు దొడ్లో ఉండే వేళ.

నిరుడు మా ఊరికి టీకా వచ్చేసరికి రోగం ముందే దిగింది. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, కొన్ని వారాలు పడుతుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవుతాయి. కాబట్టి సెప్టెంబరు మొదట్లోనే మందలన్నిటికీ టీకా వెయ్యాలి. దొడ్ల దగ్గర లైట్ ట్రాప్‌లు (దీపంతో పురుగుల్ని రప్పించి పట్టే బోనులు) పెట్టి, ఏ రకం నుసుము ఎప్పుడు పెరుగుతోందో చూసి కాపరులకు ముందే చెప్పాలని పశుసంవర్ధక అధికారులను వేడుకుంటున్నాను.

ఒక గొర్రెల పెంపకందారు,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా