పుట్టగొడుగు కాఫీకి లివర్ బాగవుతుందా?

సంపాదకుడు గారికి,

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లకి కొన్నాళ్లుగా ఒక కరపత్రం పంచుతున్నారు. చైనా సంప్రదాయ వైద్యంలో పేరున్న ఒక పుట్టగొడుగుతో చేసిన కాఫీ పొడి, క్యాప్సూల్స్ వాడితే ఫ్యాటీ లివర్ పోతుందట, హెపటైటిస్-బి (వైరస్ వల్ల వచ్చే లివర్ జబ్బు) తగ్గుతుందట, లివర్ క్యాన్సర్ మీద కూడా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలిందట. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరైనవాణ్ని. ఎంవీపీ కాలనీలో తెలిసినవాళ్లంతా ఆ కాగితం పట్టుకొచ్చి, ఇది నిజమేనా అని అడుగుతున్నారు.

పరిశోధన ఉన్నమాట నిజమే. 2018లో 'గట్' అనే వైద్య పత్రికలో వచ్చింది, చిన్నదేమీ కాదు. చైనాలో 39 ఆసుపత్రులు, 1,044 మంది రోగులు. కాలేయంలో క్యాన్సర్ గడ్డను ఆపరేషన్ చేసి తీసేశాక, కొందరికి పుట్టగొడుగుతో చేసిన గుళికలు ఇచ్చారు, మిగతావారికి ఇవ్వలేదు. 96 వారాలకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మందు వాడినవాళ్లలో సుమారు 62 శాతం, వాడనివాళ్లలో 49 శాతం. రెండో వర్గానికి ఉత్తుత్తి మాత్రలాంటిదేదీ ఇవ్వలేదు కాబట్టి, ఎవరు మందు మీద ఉన్నారో రోగులకీ డాక్టర్లకీ తెలుసు. అది లోపమే. అయినా కొట్టిపారేయాల్సిన ఫలితం కాదు.

అయితే అక్కడ వాడిన పుట్టగొడుగు పేరు హువాయెర్. ఇక్కడ అమ్ముతున్నది గానోడెర్మా, అంటే చైనావాళ్లు లింగ్‌ఝీ అనీ జపాన్‌వాళ్లు రీషీ అనీ పిలిచేది. రెండూ చెట్ల మాను మీద పెరుగుతాయి, అంతవరకే పోలిక. చిక్కుడుకాయ మీద చేసిన పరీక్ష చూపించి గోరుచిక్కుడు అమ్ముతున్నట్టుంది వ్యవహారం. పైగా ఆ ట్రయల్ ఆపరేషన్ అయిన క్యాన్సర్ రోగుల మీద జరిగింది. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషి కాఫీ తాగితే ఏమవుతుందో అందులో ఎక్కడా లేదు.

గానోడెర్మా మీద కూడా క్యాన్సర్‌లో ట్రయల్స్ జరిగాయి. వాటిని జల్లెడపట్టిన కోక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకి నికరంగా దొరికినవి ఐదు, అందులో రోగులు మొత్తం 373 మంది. దీన్ని ప్రధాన చికిత్సగా వాడటానికి తగిన ఆధారం లేదనే ఆ సమీక్ష తేల్చింది. కరపత్రంలో రాయని సంగతి ఇంకొకటి ఉంది. ఇదే పుట్టగొడుగు పొడి వాడినవారికి కాలేయం దెబ్బతిన్న కేసులను హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు ప్రచురించారు. థాయ్‌లాండ్ కేసులో ప్రాణమే పోయింది. అలాంటివి అరుదే, కాదనను. కానీ లివర్ అప్పటికే దెబ్బతిన్నవాళ్లకే కదా దీన్ని అమ్ముతున్నది!

చైనా మందు కాబట్టి ఈ మాటలు అంటున్నాననుకోవద్దు. మన నేల ఉసిరికీ ఇదే జరిగింది. 1988లో మద్రాసులో హెపటైటిస్-బి ఉన్నవారికి నెల రోజులు ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అందరం సంబరపడ్డాం. తర్వాత థాయ్‌లాండ్‌తో పాటు ఇతర చోట్ల మళ్లీ పరీక్షిస్తే ఆ ఫలితం నిలబడలేదు. 2011 నాటి కోక్రేన్ సమీక్ష కూడా నమ్మదగ్గ ఆధారం లేదనే చెప్పింది. మరి పసరు తాగితే కామెర్లు తగ్గాయి కదా అంటారు. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది.

నా అసలు టెన్షన్ కాఫీకి పెట్టే డబ్బు గురించి కాదు. హెపటైటిస్-బికి టెనోఫోవిర్ వాడుతున్నవారు ఈ మాటలు నమ్మి మాత్ర ఆపేస్తే, అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది. ఆ మాత్ర, 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం. ఫ్యాటీ లివర్‌కైతే ఒంటి బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గడం బాగా పనిచేస్తుంది. అందులో ఎవరికీ కమీషన్ రాదు, అందుకే దానికి కరపత్రాలుండవు.

ఇలాంటి ఫుడ్ సప్లిమెంట్ల ప్యాకెట్ మీద 'ఔషధంగా వాడకూడదు' అని ముద్రించాలని నిబంధన ఉంది. ప్యాకెట్ మీద అలా వేసి, కరపత్రంలో జబ్బు నయమవుతుందని రాస్తే ఆహార భద్రతా అధికారులు ఊరుకోకూడదు. ప్యాకెట్లతో పాటు ఆ కాగితాలు కూడా సేకరించి చర్య తీసుకోవాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌తో సహా ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో లివర్ రోగులను, ఇంకేమైనా పొడులూ పసర్లూ వాడుతున్నారా అని తప్పకుండా అడగాలి. తిట్టకుండా అడిగితే చెప్తారు.

మీకూ ఒక విన్నపం. విశాఖలో హెపటైటిస్-బి, సి పరీక్షలూ మందులూ ఉచితంగా ఎక్కడెక్కడ ఇస్తున్నారో, ఏ రోజుల్లో వెళ్లాలో కనుక్కుని మీ జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం