ఒంగోలు మన కాలనీ సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ముప్పాతిక వంతు ఓట్ల సంగతే ఉంటుంది. అందుకని మామూలు పనులు ముందే చెప్పేస్తాను. రెండో లైనులో వీధి దీపాలు వేయించాం, మూడో లైనులో ఇంకా వేయించాల్సి ఉంది. వేసవిలో కుళాయి నీళ్ళు సరిగా రాని వారాల్లో ట్యాంకర్లు తెప్పించాం. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగింది, బహుమతుల దగ్గర గొడవ కూడా ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చుల కాగితం ఇంటింటికీ విడిగా పంచాం. అందనివాళ్ళు కోశాధికారి గారిని అడగండి.

ఏప్రిల్ మొదట్లో కార్యవర్గం కూర్చున్నప్పుడు "అందరూ ఓటెయ్యండి అని ర్యాలీ తీద్దాం" అన్న ప్రతిపాదన వచ్చింది. నేను వద్దన్నాను. మన జిల్లాలో ఆ మాట చెప్పడం చేపపిల్లకు ఈత నేర్పడమే. 2024 మే 13 పోలింగ్ లెక్కలు చూడండి. దేశం మొత్తం మీద దాదాపు 66 శాతం పడితే, మన రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం పడింది. రాష్ట్రంలోని పార్లమెంటు స్థానాల్లో అందరికన్నా ఎక్కువ మన ఒంగోలులోనే, 87.06 శాతం. అసెంబ్లీ స్థానాల్లో దర్శి 90.91 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన మన పిల్లల్ని అడగండి, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో కాలు పెట్టడానికి చోటు దొరికిందేమో. బెంగళూరు బస్సులదీ అదే కథ. ఎండలో గంటలకొద్దీ నిలబడ్డారు. సాయంత్రం ఆరు దాటాక కూడా క్యూలో ఉన్నవాళ్ళకు స్లిప్పులిచ్చి ఓటేయించారు.

కాబట్టి మనకు ఓటు పోయేది బద్ధకం వల్ల కాదు, ఎక్కువగా లిస్టు వల్ల. ఏప్రిల్ సమావేశంలో ర్యాలీ మానేసి, బీఎల్ఓ (మన బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి) దగ్గరున్న జాబితా ప్రతి తెప్పించి లైన్లవారీగా చదివాం. చనిపోయిన పెద్దల పేర్లు ఉన్నాయి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళవి ఉన్నాయి, పెళ్ళయి వచ్చిన కోడళ్ళవి మాత్రం లేవు. పోలింగ్ బూత్‌లో ఏఎస్‌డీ అని ఒక చీటీ ఉంటుంది. ఊళ్ళో లేనివాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళ పేర్లు అందులో రాస్తారు. బతికున్న మనిషి పేరు అందులోకి ఎక్కితే గుర్తింపు రుజువు చేసుకుని, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేశాకే ఓటు.

ఫారాల గురించి ఇంకా అయోమయం ఉంది గనక మళ్ళీ చెబుతున్నాను. కొత్త ఓటుకు ఫారం 6. ఇల్లు మారినా, పేరు తప్పుపడినా, కార్డు పోయినా ఫారం 8. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ కొత్తగా ఫారం 6 పెట్టేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. దాంతో ఒకే మనిషి పేరు రెండు చోట్ల పడుతుంది, తర్వాత రెండూ చిక్కులో పడతాయి. పేరు తీసేయమనడానికి ఫారం 7. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఈ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డ సంగతి గుర్తుండే ఉంటుంది. తెలిసి తెలిసీ తప్పుడు సమాచారం రాసిస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. మనలో సగం మంది ఓట్లు పొదిలిలోనో, కనిగిరిలోనో, చీమకుర్తిలోనో ఉన్నాయి. ఊళ్ళో ఓటు తీసేసుకుంటే ఊరితో బంధం తెగిపోతుందన్న దిగులు నాకూ తెలుసు, పంచాయతీ ఎన్నికలప్పుడు బంధువులు ఊరుకోరనీ తెలుసు. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఊళ్ళో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు ఉండదు. మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటు, అదీ ఒక్కచోటే. ఇల్లు వదిలి కొన్నాళ్ళు బయట ఉన్నంత మాత్రాన ఓటు పోదు కూడా. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు, అక్కడి పౌరసత్వం తీసుకోకపోతే, ఫారం 6ఏ ఉంది. అయితే వాళ్ళు స్వయంగా వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి.

ఆడవాళ్ళ పేర్ల గురించి కొంచెం ఎక్కువ పట్టుబట్టాం, దానికి కారణం ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1921లోనే ఆడవాళ్ళకు ఓటు వచ్చింది, కాకపోతే ఆస్తి లెక్కలు ఉన్నవాళ్ళకే. అందరికీ ఓటు అన్నాక 1951-52లో జరిగిన మొదటి ఎన్నికల్లో, ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువగా, దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఫలానా వాడి భార్య అని, ఫలానా వాడి కూతురు అని చెప్పారే గానీ సొంత పేరు చెప్పలేదు. ఇప్పుడు మన రాష్ట్రం జాబితాలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. అయినా మన మూడో లైనులో ఒకావిడ పేరు రెండు కార్డుల్లో రెండు రకాలుగా ఉంది, ఒక దాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకో దాంట్లో అత్తింటిది. అది ఫారం 8తో సరిచేయించాం.

పోలింగ్ రోజు మధ్యాహ్నం మన సభ్యుడి భార్య బూత్‌కు వెళ్తే అప్పటికే ఆమె పేరు మీద ఎవరో ఓటేసి పోయారు. "మీది అయిపోయిందమ్మా" అని పంపించబోయారట. ఏప్రిల్ సమావేశంలో విన్న మాట గుర్తుండి ఆవిడ కదల్లేదు. "నాకు టెండర్డ్ ఓటు ఇవ్వండి" అని నిలబడింది. మన పేరు మీద ఇంకొకరు ముందే వేసేస్తే మనకిచ్చే ఓటు అది. ప్రిసైడింగ్ ఆఫీసర్ నాలుగు ప్రశ్నలడిగి, కార్డు చూసి, సంతకం చేయించుకుని, కాగితం బ్యాలెట్ ఇచ్చాడు. ఆ ఓటు మెషీన్లో వెయ్యనివ్వరు. గుర్తు మీద ముద్ర వేసి, మడిచి ఇస్తే విడిగా కవరులో పెడతారు. ఇంటికొచ్చి నన్నడిగింది: "అన్నా, ఇంతకీ నాది లెక్కలోకి వస్తుందా?" మామూలు లెక్కింపులో రాదు. ఎన్నిక కోర్టుకెక్కితేనే ఆ కవరు విప్పే అవకాశం ఉంటుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు కోర్టులో ఈ టెండర్డ్ ఓట్ల సంగతీ చర్చకొచ్చింది. మన దొంగ ఓటరు దొరకలేదు. అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చున్న ఏజెంటుకు అనుమానం వచ్చి ఉంటే రెండు రూపాయలు కట్టి అప్పటికప్పుడే అభ్యంతరం చెప్పొచ్చు, దాన్నే చాలెంజ్ ఓటు అంటారు. ఆ రెండు రూపాయలు ఎవరూ కట్టలేదు.

డబ్బు గురించి రాయకపోతే నివేదిక అబద్ధమవుతుంది. పంచింది ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడిదీ నేరమే, ఏడాది దాకా శిక్ష. అయినా సంఘానికి వచ్చిన ఫిర్యాదుల్లో "డబ్బు పంచుతున్నారు" అన్నది ఒక్కటీ లేదు, "మా లైనుకు రాలేదు" అన్నవే వచ్చాయి. ఇలాంటి ఫిర్యాదులకు ఎన్నికల సంఘం పెట్టిన సీవిజిల్ యాప్‌లో ఫొటో పెడితే వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలని రూలు ఉంది, ఆ యాప్ మన కాలనీలో ఎవరి ఫోనులోనూ కనపడలేదు. నాకు తెలిసినంతలో డబ్బు తీసుకున్నవాళ్ళు కూడా వేయాలనుకున్నవాళ్ళకే వేశారు. కులం, ఊరి పరిచయం, ప్రభుత్వం మీద కోపం, అందిన పథకం, ఇవన్నీ కలిపి మనిషి ముందే ఒక నిర్ణయానికి వస్తాడు. అసెంబ్లీకి ఒకరికి, పార్లమెంటుకు ఇంకొకరికి వేసిన క్రాస్ ఓటింగ్ గురించి టీ కొట్టు దగ్గర నెల రోజులు వాదించుకున్నాం. తేలలేదు, తేలదు కూడా.

జనవరి 25, ఓటర్ల దినోత్సవం నాడు చిన్న సమావేశం పెట్టాం. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లే కనపడుతుందని, చేతికి రాదని చెప్పాం. నోటాకు (ఎవరూ వద్దు అనే మీటకు) అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా తర్వాతి అభ్యర్థే గెలుస్తాడని చెబితే పిల్లలు నిరాశపడ్డారు. 85 దాటిన పెద్దవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు సదుపాయం ఉందంటే, మన మాస్టారు గారు "నేను ఇస్త్రీ పంచె కట్టుకుని బూత్‌కే వస్తా" అన్నారు.

వచ్చే ఏడాది పని ఇదీ. 18 నిండినవాళ్ళ లెక్క ఇప్పుడు ఏడాదికి నాలుగుసార్లు చూస్తారు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో. ఇంటర్ అయిన పిల్లలున్న ఇళ్ళవాళ్ళు వాళ్ళ పేరు, పుట్టిన తేదీ కార్యదర్శికి ఇవ్వండి. అద్దెకుండేవాళ్ళ దగ్గర ఫారం 8 తీసుకునే బాధ్యత ఇంటి యజమానులదే అని కార్యవర్గం తీర్మానించింది. 2025 జనవరి 6న వచ్చిన తుది జాబితా సంఘం గదిలో గోడకు అంటించి ఉంది. మీ పేరు చూసుకుని పక్కన టిక్కు పెట్టి వెళ్ళండి, పెన్ను దారంతో కట్టే ఉంది.

కార్యదర్శి