‘జస్ట్ ఎ మినిట్’లో దీర్ఘం తీసిన మనిషి

సంపాదకులకు,

చెన్నైలో ఏ కాలేజీ ఉత్సవం జరిగినా ‘జామ్’ అనే పోటీ ఉండాల్సిందే. బీబీసీ రేడియో 4లో 1967 డిసెంబరు 22న మొదలై ఇప్పటికీ వస్తున్న ‘జస్ట్ ఎ మినిట్’ అనే మాటల ఆట దానికి మూలమని ఆడేవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ ఆటకు ఇరవై ఏళ్లు ప్రాణం పోసిన హాస్యనటుడు కెనెత్ విలియమ్స్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆయన 1926 ఫిబ్రవరి 22న లండన్‌లో ఒక మంగలి ఇంట పుట్టారు. 2026తో నూరేళ్లు. ఆ సందర్భంగా రాస్తున్న ఉత్తరం ఇది.

ముందు ఆట సంగతి. దీన్ని కల్పించిన ఇయాన్ మెసిటర్ చిన్నప్పుడు బడిలో పరధ్యానంగా ఉంటే, మేష్టారు గడిచిన నిమిషంలో తాను చెప్పినదంతా తడబాటు లేకుండా, అన్నమాట మళ్లీ అనకుండా అప్పజెప్పమన్నారట. ఆ శిక్షకి మెసిటర్ ‘దారి తప్పకూడదు’ అనే మూడో నిబంధన కలిపారు. ఇచ్చిన అంశం మీద అరవై సెకన్లు మాట్లాడాలి. పక్క ఆటగాళ్లలో ఎవరైనా బజర్ నొక్కి తప్పు పట్టుకుని, ఆట నడిపే అధ్యక్షుణ్ణి ఒప్పిస్తే ఒక పాయింటు, దాంతోపాటు ఆ అంశం, మిగిలిన సెకన్లు పట్టుకున్నవాళ్లవి. తప్పు కానిదాన్ని తప్పంటే పాయింటు మాట్లాడేవాళ్లకే. ఈల మోగేసరికి మాట ఎవరి నోట ఉంటే వాళ్లకొకటి. ఎవరూ అడ్డుపడకుండా నిమిషమంతా నడిపితే అదనంగా మరొకటి.

పాయింట్లు కావాలంటే, విలియమ్స్ తోటి ఆటగాడు క్లెమెంట్ ఫ్రాయిడ్ దారి మంచిది. ఆయన నెమ్మదిగా, పట్టీ చదివినట్టు మాట్లాడేవారు. ఇతరులు మాట్లాడుతుంటే చివరి రెండు మూడు సెకన్లదాకా కాచుకుని అప్పుడు బజర్ నొక్కేవారు. అది కూడా నేర్పే. కానీ ఆడే నలుగురూ అలాగే ఆడితే రేడియో ముందు కూర్చున్నవాళ్లకి మిగిలేది లెక్క మాత్రమే. విలియమ్స్ ఆ లోటు పూడ్చారు. 1968లో వచ్చి 1988 ఏప్రిల్ 15న కన్నుమూసేదాకా ఆయన అక్కడ చేసినది జోకులు చెప్పడం కాదు. ఆటలో జరిగే ప్రతి చిన్న అన్యాయాన్నీ ప్రాణం మీదకి తెచ్చుకోవడం. తన మాట కొట్టేస్తే అధ్యక్షుడు నికలస్ పార్సన్స్ మీద విరుచుకుపడేవారు, అలిగేవారు, సభికులకి మొరపెట్టుకునేవారు. పార్సన్స్ అదంతా పెద్దమనిషి తరహాలో భరించేవారు. భరించే అధ్యక్షుడు లేకపోతే ఆ అలక పండదు. అందుకే విలియమ్స్‌ని మెచ్చుకునే చోట పార్సన్స్‌ని వదలకూడదు.

ఆయన పనితనం కొంచెం దగ్గరగా చూడాలి. విలియమ్స్ గొంతు ముక్కులోంచి మొదలై ఉన్నట్టుండి బొంగురులోకి దిగేది. ఒకే వాక్యంలో దొరల ఉచ్చారణా, తాను పుట్టిన పేటలోని యాసా రెండూ వినిపించేవి. ముఖ్యమైన కిటుకు దీర్ఘం. ఒక్క అచ్చుని పట్టుకుని, పద్యనాటకంలో రాగం తీసినట్టు సాగదీసేవారు. తడబాటు అంటే మాట ఆగడం. దీర్ఘంలో గొంతు ఆగలేదు కాబట్టి అది తడబాటు అని రుజువు చేయడం కష్టం. ఈలోపు సెకన్లు కరుగుతాయి, తర్వాత మాట బుర్రలో సిద్ధమవుతుంది, విన్నవాళ్లకి నవ్వూ వస్తుంది. ఒక్క ఊపిరితో మూడు పనులు. కొత్తగా ఆడేవాళ్లు దీన్ని అనుకరించబోయి ‘ఆ...’ అని ఊరికే మూలుగుతారు. అది తడబాటే. దీర్ఘం తీయాల్సింది అర్థం ఉన్న మాట మీద, అదీ గొంతు పైకో కిందికో నడిపిస్తూ.

రెండోది చదువు. ‘క్యారీ ఆన్’ అనే బ్రిటిష్ అల్లరి హాస్య చిత్రాల వరుసలో 26 చేసిన మనిషి కదా అని ఆయన్ని వెకిలి వేషాల నటుడిగా లెక్కేయడం పొరపాటు. చరిత్ర బాగా చదివినవారు. ఎవరూ వినని చారిత్రక వ్యక్తి పేరు అంశంగా ఇచ్చినా నిమిషం లాగగలిగేవారు. సరుకు ఉన్నవాడికే అన్నమాట మళ్లీ అనాల్సిన అవసరం రాదు.

అవధానం ఎరిగిన తెలుగువాళ్లకి ఇది పరాయి ఆటగా తోచదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ దారి మూస్తుంటే అవధాని పద్యం నడపాలి. అప్రస్తుత ప్రసంగి పక్కనుంచి ఏకాగ్రత చెడగొడుతుంటాడు, సభని నవ్విస్తుంటాడు. తన వంతులో అవధానిగా, పక్కవాళ్ల వంతులో అప్రస్తుత ప్రసంగిగా రెండు వేషాలూ ఒక్కడే వేసినవాడు విలియమ్స్.

చెన్నై, బెంగళూరు కాలేజీల్లో ఆడే తీరులో మాకు నచ్చనిది ఇక్కడే ఉంది. మూడో సెకనులోనే బజర్, ఆ వెంటనే వ్యాకరణ దోషం మీద వాదన, ఆపైన ఇంకో బజర్. పది నిమిషాలు గడిచినా ఎవరి నోటా ఒక పూర్తి వాక్యం రాదు. మాటని సాగనిస్తేనే తప్పులో రుచి ఉంటుంది. అధ్యక్షులు మొదటి పది సెకన్లలో వచ్చే చిల్లర అభ్యంతరాలు కొట్టేస్తే సగం రోగం కుదురుతుంది.

ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి ఈ ఆట తెలుగులో పెట్టాలని మా కోరిక. అయితే ఇంగ్లీషు నిబంధనలు ఉన్నవి ఉన్నట్టు తెస్తే కుదరదు. అక్కడ ఏకవచనం, బహువచనం వేర్వేరు మాటలు. మనకి ఆ లెక్క పెట్టుకుంటే చెట్టు, చెట్టుకి, చెట్టులో, చెట్టుమీద అంటూ విభక్తులతోనే నిమిషం గడిపేయవచ్చు. కాబట్టి నామవాచకానికి మూలపదం మళ్లీ వస్తే తప్పు, క్రియకి ధాతువు మళ్లీ వస్తే తప్పు అనాలి. ఈ, ఆ, ఒక, కూడా, అని వంటి చిన్న మాటలకీ, అంశంలో ఉన్న మాటలకీ మినహాయింపు ఇవ్వాలి. గబగబా, చకచకా వంటివి ఒక్క మాటగా లెక్క. ‘ఇంటింటికీ’ లాంటి ఆమ్రేడితాన్ని తప్పు పడితే భాష నడుమే విరిగిపోతుంది. పొడి అక్షరాల పేర్లు మాత్రం ప్రమాదం. ‘బీబీసీ’లో రెండు ‘బీ’లు ఉన్నాయని అక్కడ బజర్ నొక్కినవాళ్లున్నారు. మన దగ్గర ‘టీటీడీ’ అన్నవాళ్లు దొరికిపోతారు.

మనవాళ్లు ఎక్కువగా పడిపోయేది వాక్యం చివర. ‘ఉంది’, ‘ఉంటుంది’ రెండోసారి వచ్చేస్తాయి. ‘అంటే’, ‘మరి’ ఊతపదాలుగా దొర్లుతాయి. దీనికి మందు తెలుగులోనే ఉంది, అసమాపక క్రియ. అంశం ఆవకాయ అనుకోండి. ‘కాయ కడిగి, తుడిచి, ముచ్చిక కోసి, టెంకతో నరికి, జీడి తీసి, పొర వలిచి, ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి, ముక్క నూనెలో ముంచి, జాడీకెత్తి, వాసెన కట్టి, మూడోనాడు తిరగకలిపి...’ వాక్యం ముగియనే లేదు, పది పనులు దాటాయి. పదకొండో దగ్గర ఒక బజర్ ఖాయం: ‘కలిపి’ ముందే వచ్చిందిగా అని. తిరగకలపడం ఊరగాయలో వేరే పని, వేరే రోజు చేసేది, దానికి వేరే పేరు. అభ్యంతరం చెల్లదనే మేమంటాం. ఒప్పుకోని అధ్యక్షుడు ఉంటే, అక్కడే విలియమ్స్ బతికి ఉంటే చేసే పని చేయాలి. కుర్చీలోంచి లేచి, మూడోనాడు జాడీ తెరిచిన ప్రతి ఇల్లాలి తరఫునా గొంతెత్తి దీర్ఘం తీసి మొరపెట్టుకోవాలి.

ఆయన పోయాక ఆట ఆగిపోతుందని భయపడినవాళ్లున్నారు. మరుసటి ఏడాది, 1989లో, హాస్యనటుడు పాల్ మెర్టన్ వచ్చి వింత ఊహలతో వేరే బాట వేశారు. విలియమ్స్ స్వరాన్ని అనుకరించలేదు. అదే సరైన పని.

సంఘాలవారికి చివరగా ఒక మాట. గడియారం చూసే మనిషి, ఈల ఊదే మనిషి అధ్యక్షుడికి వేరుగా ఉండాలి. అక్కడ చాలా ఏళ్లు స్టాప్‌వాచీ పట్టుకుని పార్సన్స్ పక్కన కూర్చున్నది మెసిటరే. బజర్ మోగగానే వాచీ ఆపాలి, వాదన తేలి మొదటి మాట పడగానే మళ్లీ నొక్కాలి. మిగిలిన సెకన్లు పైకి చదవాలి. నాలుగు బజర్లకి నాలుగు వేర్వేరు మోతలు ఉండాలి, లేకపోతే ఎవరు ముందో తేల్చడానికే సాయంత్రం అయిపోతుంది.

ఇట్లు,
రేడియో హాస్యాభిమానులు,
త్యాగరాయనగర్, చెన్నై