పిల్లలు అడగాలి, మనం చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

క్రిస్మస్ దగ్గరపడుతోందంటే పేపర్లలో పండగ పేజీలు మొదలవుతాయి, డెకరేషన్ ఎలా చేయాలి, ఎవరికి ఏ గిఫ్ట్ ఇవ్వాలి అని. అవన్నీ ఇష్టంగానే చదువుతాను. కానీ ఇంట్లో ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప ఉన్న తల్లిగా నాకు కావాల్సింది మాత్రం వాటిల్లో దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం.

మూడేళ్ళ క్రితం దాకా మా ఇంట్లో పండగంటే నేనూ మావారూ పరుగులు పెట్టడం, పిల్లలు కాళ్ళకి అడ్డం పడటం, మేం కసురుకోవడం, అంతే. ఆ ఏడాది నేను స్టార్ కడుతుంటే బాబు వైరు పట్టుకుని "అమ్మా, ఇది ఎందుకు కడుతున్నాం?" అన్నాడు, నేను పనిలో పడి "పండగ కదా, కట్టాలి" అనేశాను. వాడు ఇంకేం అడగకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ.

తర్వాత ఎప్పుడో బైబిల్లో నిర్గమకాండం 12వ అధ్యాయం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన గుర్తుగా ఇశ్రాయేలీయులు చేసుకునే పస్కా పండగ ఎలా ఆచరించాలో చెప్తూ, దీనర్థం ఏంటని మీ పిల్లలు అడిగినప్పుడు ఇలా చెప్పండి అని అక్కడే రాసుంది. అంటే పిల్లలు అడగడం కూడా ఆ పండగలో భాగమే. నేనేమో వాడు అడిగితే విసుక్కున్నాను.

అప్పట్నుంచి చాలా తగ్గించుకున్నాం. ఒక పశువులపాక సెట్టు, నాలుగు కొవ్వొత్తులు, రోజూ పడుకునేముందు పది నిమిషాలు, అంతే. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి పశువులపాక పెడతాం, కానీ తొట్టి ఖాళీగా ఉంటుంది, బాలయేసు బొమ్మ 24 రాత్రి దాకా రాదు. మా పాప రోజూ లేవగానే మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి ఆ తొట్టిలో వేలుపెట్టి చూసి "ఇంకా రాలేదు" అని చెప్పి వస్తుంది. ఎదురుచూడటం అంటే ఏంటో దానికి నేను వేరే చెప్పక్కర్లేకపోయింది. బాలయేసుని చూడటానికి కానుకలతో వచ్చిన జ్ఞానుల బొమ్మలు బాబు డ్యూటీ, దూరంగా కిటికీ దగ్గర మొదలుపెట్టి రోజుకో జానెడు జరుపుతాడు, వాళ్ళ రాకని గుర్తుచేసుకునే జనవరి 6కి గానీ వాళ్ళు చేరరు. ముగ్గురే అని ఎవరు చెప్పారని వాడే ఒకరోజు అడిగితే మత్తయి 2వ అధ్యాయం తీసి కలిసి చదివాం. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలే మూడు, మనుషుల లెక్క ఎక్కడా లేదు, పైగా వాళ్ళొచ్చింది పాకలోకి కాదు, ఇంట్లోకి అనే ఉంది. ఇప్పుడు ఎవరు ఇంటికొచ్చినా వాడు ముందు ఇదే చెప్తాడు.

ఆదివారానికొకటి వెలిగించే ఈ కొవ్వొత్తుల పద్ధతి కూడా పిల్లల వల్ల వచ్చిందేనట. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో విహెర్న్ అనే పాస్టర్ గారు నడిపే హోమ్‌లో పేదపిల్లలు క్రిస్మస్ ఎప్పుడు ఎప్పుడు అని అడుగుతుంటే ఆయన పాత బండిచక్రం మీద ఆదివారాలకి నాలుగు పెద్దవి, మామూలు రోజులకి ఇరవై చిన్నవి పెట్టి రోజుకొకటి వెలిగించారు. చదివి ఎంత సంతోషం వేసిందో.

క్రిస్మస్ తాత విషయంలో మాత్రం నాకూ మావారికీ కాస్త వాదన జరిగింది, పిల్లల సరదా ఎందుకు పాడుచేయడం అని ఆయన, ఇది అబద్ధమని తెలిసిన రోజు యేసు గురించి చెప్పింది కూడా అనుమానిస్తారేమో అని నేను. చివరికి నిజమే చెప్పాం. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో నికోలస్ అనే బిషప్ ఉండేవాడు, పేదవాళ్ళకి ఎవరికీ తెలియకుండా సాయం చేసేవాడని ఆయన గురించి చెప్పుకుంటారు, క్రిస్మస్ తాత కథ ఆయన్నుంచే వచ్చింది అని. సరదా ఏమీ తగ్గలేదు, ఇప్పుడు ఆ నికోలస్ పండగ రోజైన డిసెంబర్ 6న ఇద్దరూ ఎవరికో ఒకరికి చెప్పకుండా ఏదో ఒకటి ఇచ్చేసి వచ్చి నవ్వుకుంటుంటారు.

డిసెంబర్ 25 బైబిల్లో లేదని పండగే చేసుకోని విశ్వాసులు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదు, తేదీ లేదన్నది నిజమే, పిల్లలకీ అలాగే చెప్పాం.

ఈస్టర్ ఇంకా కష్టం. సిలువ గురించి నాలుగేళ్ళ పిల్లకి ఎంతవరకు చెప్పాలో నాకిప్పటికీ పూర్తిగా తేలలేదు. పోయినసారి గుడ్ ఫ్రైడే మర్నాడు, శనివారం, పాప మెల్లగా వచ్చి "ఇవాళ యేసయ్య ఎక్కడున్నాడమ్మా?" అంది. సమాధిలో ఉన్నాడమ్మా, రేపటి దాకా ఆగాలి అన్నాను. ఆ రోజంతా ఇంట్లో గుసగుసగానే మాట్లాడింది.

మీ పండగ పేజీలో ఈసారి ఓ మూల, చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఎవరేం చేస్తున్నారో రాయమని అడగండి సార్. ముఖ్యంగా ఆ శనివారం గురించి, పెద్ద పిల్లల్ని పెంచినవాళ్ళు ఏం చెప్పారో తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి