సెప్టెంబరు వార్తాలేఖ: జీపు బొమ్మకు మొదటి బహుమతి ఎందుకిచ్చామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మామూలు కబుర్లు ముందే ముగించేస్తాను. దసరా సెలవుల తేదీలు డైరీలో అంటించాం, చూసి సంతకం పెట్టి పంపండి. బతుకమ్మ ఆట సెలవులకు ముందు రోజు మధ్యాహ్నం ఉంటుంది, పూలు ఇంటి నుంచే తేవాలి. రెండో టర్మ్ ఫీజు, ఐడీ కార్డు ఫొటోలు, మూడో నంబరు బస్సు రూటు మార్పు, వీటి వివరాలన్నీ ఆఫీసులో ఉన్నాయి.

ఇక మీరంతా మాట్లాడుకుంటున్న సంగతి.

ఈ నెల మన ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి 8-బి పిల్లలు ముగ్గురు ఒక జీపు బొమ్మను విప్పి చేసిన ‘అసల్ ఉత్తర్, 1965’ డయోరమాకు ఇచ్చాం. జరిగిన ఒక సంఘటనను, అది జరిగిన నేలతో సహా, చిన్న కొలతలో పలక మీద నిలబెట్టి చూపించే మోడల్ అది. ఆ రాత్రి నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన చర్చ నా దాకా వచ్చింది. లైట్లు వెలిగేవి, ఫ్యాన్లు తిరిగేవి అన్ని ఉండగా విరగ్గొట్టిన జీపు బొమ్మకి ప్రైజేమిటని కొందరు అడిగారు. పిల్లల ఖరీదైన బొమ్మలు స్కూల్లో డ్రిల్లు పెట్టి పాడుచేస్తున్నారని కొందరు రాశారు. ఈ వయసులో యుద్ధాలెందుకని ఇంకొందరు. మూడింటికీ జవాబు చెప్తాను. కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఆ రోజు ఆ బల్ల దగ్గర ఫొటో తీసుకుని వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ, ఆగి పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు చాలా తక్కువ.

ముందు బొమ్మ సంగతి. ఆ జీపు ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు. ముగ్గురిలో ఉన్న అబ్బాయికి వాళ్ల మేనమామ కొనిపెట్టిన డైకాస్ట్ జీపు, అంటే లోహాన్ని పోతపోసి చేసిన బొమ్మ. దాన్ని విప్పుతామని డైరీలో రాసి పంపి, వాళ్లమ్మగారి సంతకం వచ్చాకే మా క్రాఫ్ట్ టీచరు దాన్ని ముట్టుకున్నారు. అలాంటి బొమ్మల్లో చాలావాటికి అడుగున స్క్రూలుండవు, రివెట్లుంటాయి. వాటిని డ్రిల్లుతో తొలిస్తేనే పై బాడీ, అడుగు భాగం విడిపోతాయి. ఆ పని, పాత రంగు ఊడదీసే పని టీచరే చేశారు, కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ వేసుకుని. పిల్లలు దూరంగా నిలబడి చూశారు. ఒక అమ్మాయి వేలికి బ్లేడు గీసుకున్న మాట నిజం. అట్ట కోస్తుంటే గీత పడింది. వెంటనే కడిగి మందు రాసి ఇంటికి ఫోన్ చేశాం. “పర్లేదు మేడమ్, పని పూర్తి చేయనివ్వండి” అన్నారు వాళ్ల నాన్నగారు. ఆయనకు నా కృతజ్ఞతలు.

ఇప్పుడు ఆ పలక మీద ఉన్నదేమిటో చెప్పాలి. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో, అసల్ ఉత్తర్ దగ్గర, సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పెద్ద ట్యాంకుల పోరు జరిగింది. పాకిస్తాన్ వైపు అమెరికాలో తయారైన ప్యాటన్ ట్యాంకులు. మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలి నేలంతా బురద చేశారు, చెరకు తోటల మాటున కాపు కాశారు. 10వ తేదీ ఉదయం 8 గంటలకు చీమా గ్రామం ముందు దాడి మొదలైంది. 9 కల్లా ట్యాంకులు మన ముందు వరసలోకి చొచ్చుకొచ్చాయి. 4 గ్రెనేడియర్స్ పటాలంలో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్‌గా ఉన్న అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్‌తో (పేలినప్పుడు వెనక్కి తన్నని పెద్ద తుపాకీ) పక్కకు వెళ్లి, ముందు నడుస్తున్న ట్యాంకును కొట్టారు. వెంటనే చోటు మార్చి రెండోదాన్ని కొట్టారు. అప్పటికి ఆయన జీపు అవతలివాళ్ల కంటపడింది. కాల్పులన్నీ తన మీదికే వస్తున్నా మరో ట్యాంకు మీద కాలుస్తూనే నేలకొరిగారు. అప్పటికి ఆయన వయసు 32. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. యుద్ధంలో దొరికిన ప్యాటన్ ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటికి ‘ప్యాటన్ నగర్’ అనే పేరొచ్చింది.

పిల్లలు ఎంచుకున్నది మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య క్షణం. జీపు చోటు మారుతున్న క్షణం.

బొమ్మ పెట్టె ఎప్పుడో పోయింది, అది ఏ స్కేలులో, అంటే అసలు జీపులో ఎన్నో వంతుగా చేసిందో ఎవరికీ తెలియదు. గుంపులో లెక్కల్లో చురుకైన అమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది: 7.7 సెంటీమీటర్లు. అసలు జీపు పొడవు దాదాపు 3.3 మీటర్లు. భాగించి 1:43 అని తేల్చింది. ఇక అన్నీ ఆ 43తోనే. గన్ అసలు పొడవు 3.4 మీటర్లు, అంటే మోడల్‌లో 7.9 సెంటీమీటర్లు. జీపు కన్నా గన్ పొడవు రావడంతో లెక్క తప్పనుకుని మా మ్యాథ్స్ టీచరు దగ్గరికి పరిగెత్తారు. లెక్క తప్పలేదు. నిజంగానే ఆ గన్ జీపంత పొడవు. గొట్టం ముందుకు సాగడానికి వీలుగా జీపు ముందు అద్దం ఫ్రేముకు మధ్యలో ఖాళీ ఎందుకు ఉంటుందో వాళ్లకు అప్పుడు తెలిసింది. ఆకురాయితో ఆ ఫ్రేమును మధ్యలో అరగదీశారు. 2000లో తపాలా శాఖ అబ్దుల్ హమీద్ మీద విడుదల చేసిన స్టాంపు అబ్బాయి తాతగారి ఆల్బంలో దొరికింది. అందులోనూ ఆ జీపుంది. భూతద్దం పెట్టుకుని దాన్ని ఎంతసేపు చూశారో!

గన్ గొట్టానికి ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్ వాడారు. 106 మిల్లీమీటర్లను 43తో భాగిస్తే రెండున్నర మిల్లీమీటర్లు, రీఫిల్ మందం దానికి దగ్గరగా సరిపోయింది. గురి చూసుకోవడానికి పైన ఉండే సన్న తుపాకీకి గుండుసూది. మనుషుల్ని రాగి తీగ మీద ఎం-సీల్ పెట్టి చేశారు, ఒక్కొక్కరు నాలుగు సెంటీమీటర్ల లోపే. లోహం మీద రంగు నేరుగా వేస్తే గోటితో గీరగానే పొర లేచొచ్చింది. అప్పుడు ప్రైమర్ వేసి మళ్లీ మొదలుపెట్టారు. మిలిటరీ ఆకుపచ్చ సీసా కొనలేదు, పసుపులో కొద్దికొద్దిగా నలుపు కలుపుకుంటూ తెచ్చుకున్నారు.

నన్ను ఆ బల్ల దగ్గర ఆపేసింది జీపు ముందు చక్రాలు. కొట్లో దొరికే జీపు చక్రాలు తిన్నగా ఉంటాయి, పక్కకు తిరగవు. జీపు చోటు మారుతోందంటే చక్రాలు తిరిగుండాలి కదా అని ఆ అబ్బాయే అడిగాడు. ముందు ఇరుసు కడ్డీని టీచరు చేత కోయించి, రెండు చక్రాలనూ ఒక పక్కకు వంచి అతికించాడు. వెనక బురదలో టైర్ల జాడ కూడా ఒంపు తిరిగి ఉంటుంది. ఈ అబ్బాయి గత ఏడాది క్లాసులో నోరు విప్పేవాడు కాదు. ఎగ్జిబిషన్ రోజు వచ్చిన అతిథికి ఆ చక్రాల గురించి గడగడా చెప్తుంటే మా స్టాఫంతా పని మానేసి విన్నాం.

చెరకు తోట రెండో అమ్మాయి పని. వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో చెరకు పండిస్తారు. కింది ఆకు ఎండి గోధుమరంగులో వేలాడాలని, పైది పచ్చగా ఉండాలని పట్టుబట్టి ప్రతి పుల్లకూ రెండు రంగులు వేసింది. చీపురు పుల్లలకు సన్నగా కోసిన కాగితం ఆకులు. నేలకు మన మైదానంలో మట్టే జల్లించి, నీళ్లు నిలిచినట్టు కనిపించడానికి వార్నిష్ పూసింది. ఇంకో సంగతి మీలో ఎంతమంది గమనించారో తెలియదు: గన్ వెనక వైపు చెరకు నేలకు వంగిపోయి, ఆకు మాడి ఉంటుంది. రికాయిల్‌లెస్ గన్ పేలినప్పుడు గుండు ముందుకు పోతే వేడి గ్యాసు వెనక నుంచి అంతే బలంగా బయటికి తన్నుతుంది. అందుకే గన్‌కు వెనుతన్ను ఉండదు, అంత పెద్దదాన్ని చిన్న జీపు మోయగలుగుతుంది. కానీ ఆ మంట, దుమ్ము చూసి శత్రువు జాడ పట్టేస్తాడు. కొట్టగానే చోటు మార్చాలి. న్యూటన్ మూడో సూత్రాన్ని 8వ తరగతి పిల్లలు వంగిన చెరకు పుల్లల్లో చూపించారు. పుస్తకంలో అది రెండు లైన్లు.

ట్యాంకు అట్టతో చేసిందే, కానీ అదీ కొలత ప్రకారమే. ప్యాటన్ వెడల్పు మూడున్నర మీటర్ల పైనే, అంటే జీపు పొడవు కన్నా ట్యాంకు వెడల్పే ఎక్కువ. బరువు దాదాపు 45 టన్నులు, జీపు టన్ను ఉంటే గొప్ప. మొదట కొట్లో బొమ్మ ట్యాంకును చూసి పక్కకు ఐదేసి చక్రాలు పెట్టారు. తర్వాత అనుమానం వచ్చి, హైదరాబాదులో ఉన్న బాబాయితో ట్యాంక్‌బండ్ దగ్గర ప్రదర్శనకు పెట్టిన ప్యాటన్‌ను పక్క నుంచి ఫొటో తీయించుకున్నారు. ఆరు చక్రాలు. అతికించినవన్నీ పీకి మళ్లీ చేశారు. బహుమతి ఖాయం చేసింది నా మటుకు ఆ ఆరో చక్రమే.

ఇక రెడీమేడ్ మోడళ్ల గురించి. మన ఊళ్లో స్టేషనరీ షాపుల్లో అగ్నిపర్వతం, సౌరకుటుంబం, హైడ్రాలిక్ బ్రిడ్జి అన్నీ థర్మకోల్‌లో తయారుగా దొరుకుతాయని మాకూ తెలుసు. మీరు ఎంతో ప్రేమతో, డబ్బు లెక్కచేయకుండా కొనిచ్చారు. అయితే ఆ బల్లల దగ్గర నేను అడిగింది ఒకటే: “ఇదెలా చేశావు నాన్నా?” చాలామంది పిల్లలు తల దించుకున్నారు. వాళ్ల తప్పేముంది? వాళ్లను అలా నిలబెట్టింది మనం. రాత్రంతా కూర్చుని నాన్నగారు అతికించిన మోడల్‌కు నేను నాన్నగారికి సర్టిఫికెట్ ఇవ్వగలను కానీ పిల్లాడికి ఇవ్వలేను. దయచేసి వచ్చే ఏడాది మీ అందమైన చేతిరాతతో చార్టులు రాసిపెట్టకండి.

ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను. వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లు తీసేసి ఆ టైము లెక్కలకు ఇవ్వమని ప్రతి ఏడూ నన్ను అడుగుతున్నారు. ఇవ్వను. కొలిచి, కోసి, కొలత తప్పిందని చూసి, పీకి, మళ్లీ అతికించిన పిల్లకు భిన్నాలు ఎవరూ నేర్పక్కర్లేదు. గట్టిగా నొక్కితే విరుగుతుందని, తడి రంగు మీద రంగు వేస్తే పాడవుతుందని, ఆగాలని చేతికి తెలియాలి. ఆ తెలివి వీడియో చూస్తే రాదు. మనది వడ్రంగులు, కంసాలులు, నేతవాళ్లు ఉన్న ఊరు. వాళ్ల మనవలు మన బడిలో చదువుతున్నారు. వాళ్లకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాకపోతే అది మంచి చదువని నేను ఒప్పుకోలేను. మీ ఇళ్లలో షోకేసు నిండా బొమ్మలుంటాయి, అద్దానికి తాళం ఉంటుంది. పిల్లాడు అడిగితే ‘పాడవుతుంది, ముట్టుకోకు’ అంటారు. అదే పిల్లాడికి రాత్రి పదకొండింటి దాకా ఫోన్ ఇస్తారు. మరుసటి రోజు మొదటి పీరియడ్‌లో నిద్రపోతుంటే మా టీచర్లు లేపుకోవాలి. బొమ్మ పాడైతే బాగుచేసుకోవచ్చు. ఈ నిద్రలేమి సంగతి మీరే ఆలోచించండి.

యుద్ధమెందుకని అడిగినవాళ్లది న్యాయమైన ప్రశ్న. పలక మీద రక్తం లేదు, పడిపోయిన మనిషి లేడు. అది పిల్లలే తీసుకున్న నిర్ణయం, మేం చెప్పలేదు. పక్కన చార్టు మీద వాళ్లు రాసింది అబ్దుల్ హమీద్ పుట్టిన ఊరు, ఉత్తరప్రదేశ్ గాజీపూర్ జిల్లా ధాముపూర్ అని, ఆయన భార్య రసూలన్ బీబీ 1966 గణతంత్ర దినోత్సవాన రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం అందుకున్నారని. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. “టీచర్స్ డే నాడు మనం దండ వేసిన ఫొటో ఆయనదే కదా మేడమ్” అని లెక్కల అమ్మాయి నా దగ్గరికొచ్చి అడిగింది. ఆ తర్వాత, పతకం తీసుకునేటప్పుడు ఆమెకు ఏమనిపించి ఉంటుందని అడిగింది. యుద్ధం గురించి పిల్లలు ఈ ప్రశ్న అడుగుతున్నప్పుడు నాకు భయం లేదు. ఫోన్‌లో గంటల తరబడి ఆడే కాల్పుల ఆటల్లో చనిపోయినవాడికి ఊరూ ఉండదు, భార్యా ఉండదు. వాటి గురించి మీ గ్రూపులో ఒక్క మెసేజ్ కూడా నేను చూడలేదు.

పిల్లల పేర్లు ఇందులో వేయలేదని ఆ ముగ్గురి ఇళ్లలో చిన్నబుచ్చుకోకండి. ఈ వార్తాలేఖ ఎక్కడెక్కడికో ఫార్వర్డ్ అవుతోంది. పేర్లు, ఫొటో బడి గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. వాళ్ల వెనకే 6-ఏ అబ్బాయి ఒకడు పాత లారీ బొమ్మను నీళ్ల ట్యాంకరుగా మార్చడం మొదలుపెట్టాడు. ఇప్పటికే ట్యాంకు ఎన్ని లీటర్లు పడుతుందో స్కేలు ప్రకారం లెక్కగట్టి, నాకు వచ్చి చెప్పి వెళ్లాడు.

డయోరమా సెలవులిచ్చే దాకా లైబ్రరీలో ఉంటుంది. శనివారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా వచ్చి చూడొచ్చు, ఆ ముగ్గురూ అక్కడే ఉంటారు, వాళ్లను అడగండి. క్రాఫ్ట్ గది బయట ఒక అట్టపెట్టె పెట్టాం. చక్రం ఊడినవి, తలుపు విరిగినవి, ఇంట్లో మూల పడి ఉన్న డైకాస్ట్ బండ్లు ఏవైనా పిల్లల చేత పంపండి. కొత్తవి కొనొద్దు. బ్లేడ్లు, జిగుర్లు కూడా ఇంటి నుంచి పంపకండి, అవి టీచరు దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు