ఐదో మాట

మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి

నాన్నగారికి,

ప్రభువు నామమున వందనాలు. చీరల మధ్య చుట్టిపెట్టిన గోంగూర పచ్చడి సీసా చుక్క కారకుండా చేరిందని అమ్మతో చెప్పండి.

ఈ ఉదయం మా చర్చిలో ప్రసంగానికి రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంఘం నుంచి ఒకావిడ వచ్చారు, యూనిఫారంలో, భుజాల మీద పట్టీలతో. వాళ్లకు బాప్తిస్మమూ లేదు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లా లేదు కదా. అయినా ఇక్కడెవరూ నొసలు చిట్లించలేదు. ఈ యూనైటింగ్ చర్చి కూడా మన దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, లాంటిదే. 1977లో మెథడిస్టులూ కాంగ్రిగేషనలిస్టులూ చాలామంది ప్రెస్బిటేరియన్లూ కలిస్తే ఏర్పడింది. ఆవిడ చెబుతున్నంతసేపూ నా మనసు మాత్రం సికింద్రాబాదులోనే ఉంది, గుడ్ ఫ్రైడే నాటి మన గుడిలో. ఆ రోజు మీ పక్కన కూర్చుని అనలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు. ఐదో మాట బాప్టిస్టు పాస్టరు గారికి ఇచ్చారని కాగితంలో చూడగానే మీరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివారు. "మన పుల్పిటు మీదికా?" అన్నారు, ముందు వరుస వాళ్లు తిరిగి చూసేలా. ఆయన అసలు పుల్పిటు ఎక్కనే లేదు. నిలువుటంగీ లేదు. తెల్ల చొక్కాతో మెట్ల కిందే నిలబడ్డారు. ఎవరో అందించిన చల్లటి నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని "నేను దప్పిగొనుచున్నాను" అని చదివి, తాగకుండానే బల్ల అంచున పెట్టేశారు. ఏప్రిల్ ఉక్కకు గ్లాసు బయట చెమ్మ పట్టి, బొట్టు బొట్టుగా జారి బల్ల గుడ్డ మీద తడి మరక పెద్దదవుతోంది. ప్రసంగమంతా నేను ఆ మరకనే చూశాను.

"మేము నిండా ముంచుతాం, మీరు చిలకరిస్తారు. బాప్తిస్మానికి ఎన్ని నీళ్లు కావాలని తరతరాలుగా తగువు పడుతున్నాం. ఆయన అడిగింది గుక్కెడు. అందింది పుల్లటి చిరక" అన్నారు. అంతే, ఆ సంగతి అక్కడే వదిలేశారు. ఆ తర్వాత సమరయ స్త్రీ బావి దగ్గరికి వెళ్లి కాస్త సాగదీశారు, మీరన్నది నిజమే.

ప్రసంగం వెంట పాడిన కీర్తనలో మీ గొంతే అందరికన్నా పైన ఉంది. అది పురుషోత్తమ చౌదరి గారిది. ఆయన 1833లో కటక్‌లో బాప్టిస్టు మిషనరీల వద్ద బాప్తిస్మం తీసుకున్న మనిషి, నాన్నగారూ! ఇన్నేళ్లలో ఆయన్ను మీరు ఏ ఆదివారమూ గుడి బయట నిలబెట్టలేదు.

ఆరాధన అయ్యాక అందరూ పాస్టరు గారితో చేయి కలుపుతుంటే మీరు చెప్పులు వెతుక్కునే నెపంతో పక్క గుమ్మంలోంచి జారుకున్నారు. ఆటోలో మళ్లీ 1947 కథ. మద్రాసులో అంతమంది కలిసి సీఎస్ఐగా ఏర్పడితే బాప్టిస్టులు ఎడంగా ఉండిపోయారని. అబిడ్స్ మెథడిస్టులు మాత్రం కలిశారా? వాళ్ల పెళ్లిళ్లకు మనం అందరికన్నా ముందు వెళ్తాం. మీ కోపం 1947 మీద కాదు. అత్తయ్య మీద.

పెళ్లయ్యాక మెట్టినింటి వారి బాప్టిస్టు సంఘంలో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మీరు ఆమె గడప తొక్కలేదు. "మెదక్ గుడిలో నాన్న ఎత్తుకుని ఇప్పించింది చెల్లదా?" అన్నారని అమ్మ చెప్పింది. ఆ నొప్పి చిన్నదని నేను అనను. కరువులో కూటి కోసం ఆ గుడికి రాళ్లు మోసిన మీ తాత కథ మీరు చెబుతుంటేనే పెరిగాను. 1924 క్రిస్మస్ నాడు దాని ప్రతిష్ఠ జరిగితే జనంలో నిలబడి చూశాడట. కానీ ఆయన అత్తయ్యకూ తాతే.

ఆ రోజు ఆమె వచ్చింది. వెనక వరుసలో, కొంగు నెత్తిన కప్పుకుని. మీరు చూడలేదంటే నమ్మను. చెప్పులు దొరకడానికి అంతసేపు పట్టదు. నా చేతిలో రెండు వందల కాగితం కుక్కి "అన్నయ్య బాగా చిక్కిపోయాడే" అంది.

వచ్చే నెల ఆమెకు మోకాలి ఆపరేషన్. తార్నాకలోనే ఉంటోంది, మీకు ఒక్క బస్సు. కొత్త నంబరు ఈ కాగితం వెనక రాశాను. అమ్మ దగ్గర ఎప్పటి నుంచో ఉంది, మీకు చెప్పలేదంతే. అమ్మను కోప్పడకండి.

మీ పెద్దమ్మాయి